మారేడుమిల్లి అడవిలో మూడు రాత్రులు, ఒక రొయ్యల చెరువు కుటుంబం రివ్యూ

మాది ఉప్పలగుప్తం మండలం అండి, అమలాపురం దాటాక సముద్రం వైపు. నాలుగెకరాల రొయ్యల చెరువు, గట్టు మీద పాతిక కొబ్బరిచెట్లు. ట్రెక్కింగులు అలవాటున్నవాళ్ళకి ఇందులో కొత్తగా ఏం కనపడకపోవచ్చు గానీ మాలాగా కొండ అన్నది కోరుకొండ నరసింహస్వామి గుడికి వెళ్ళినప్పుడు తప్ప ఎక్కని పల్లపు ఊళ్ళ వాళ్ళ కోసం రాస్తున్నా, ఎందుకంటే వెళ్ళేముందు నేను తెగ వెతికితే అందరూ పెట్టినవి జలపాతాల వీడియోలే, రాత్రి పడుకునే చోటు ఎలా ఉంటది, బాత్రూం ఎంత దూరం, పెద్దవాళ్ళని తీసుకెళ్ళొచ్చా అన్నది ఒక్కరూ చెప్పలేదు.

క్యాంప్ పేరు మాత్రం కావాలనే రాయట్లేదు, ఉన్నవి ఆరు టెంట్లు, నడిపేది పక్కనే ఉన్న కొండరెడ్ల ఊరి వాళ్ళు. మారేడుమిల్లి దాటి భద్రాచలం రోడ్డులో కొంచెం ముందుకెళ్ళి, పక్కకి మట్టిరోడ్డులో దిగితే వాగు పైన ఉంటది. మారేడుమిల్లి సెంటర్‌లో టీ కొట్టు దగ్గర అడిగితే ఎవరైనా చెప్తారు.

డిసెంబర్ మొదట్లో మా పట్టుబడి అయిపోయింది. చలికాలంలో మేం సీడ్, అంటే రొయ్య పిల్లల్ని, వెయ్యం, నీళ్ళు చల్లబడితే వైట్ స్పాట్ రోగం భయం, అందుకని మళ్ళీ ఫిబ్రవరి దాకా చెరువు ఎండగట్టి వదిలేస్తాం. ఏడాది మొత్తంలో ఇంటిల్లిపాదీ రాత్రిపూట ఊరు దాటి వెళ్ళడానికి మాకు కుదిరేది ఆ రెండు నెలలే. నేను, మా ఆవిడ, పిల్లలిద్దరు, నాన్నగారు, కారు నడపడానికి మా బావమరిది, మొత్తం ఆరుగురం. అమ్మ రాలేదు, గేదెని ఎవరు చూస్తారు అంది.

రూటు చెప్తా. అమలాపురం నుంచి రావులపాలెం, జొన్నాడ దగ్గర గోదారి దాటి, కడియం నర్సరీల మీదుగా రాజమండ్రి, అక్కడి నుంచి కోరుకొండ, గోకవరం, రంపచోడవరం, మారేడుమిల్లి. రాజమండ్రి నుంచి 85, 90 కిలోమీటర్ల మధ్య ఉంటది. కారు లేనివాళ్ళకి రాజమండ్రి గోకవరం బస్టాండ్ నుంచి భద్రాచలం వైపు వెళ్ళే ఆర్టీసీ బస్సులు ఉన్నాయి, మారేడుమిల్లిలో దిగి ఆటో మాట్లాడుకోవడమే. గోకవరం దాకా మన ఊళ్ళలాగే ఉంటది, గోకవరం దాటాక రోడ్డుకి రెండు వైపులా చెట్లు దగ్గరకొచ్చేస్తాయి, రంపచోడవరం దాటాక ఇంక ఎండ రోడ్డు మీద పడదు. మా బాబు, ఏడేళ్ళు వాడికి, నాన్నా ఇక్కడ కాలవలు లేవేంటి అన్నాడు. నిజమే కదా, ధవళేశ్వరం ఆనకట్ట కింద పుట్టినవాడికి ఊరంటే పక్కన కాలవ ఉండాల్సిందే, 1852లో కాటన్ దొర ఆనకట్ట పూర్తిచేసిన దగ్గర్నుంచి మా తాతల తాతలు కూడా నీళ్ళు లాకుల్లోంచి రావడమే చూశారు. ఇక్కడ నీళ్ళు రాళ్ళ మధ్యలోంచి వాటి ఇష్టం వచ్చినట్టు వస్తాయి.

డీజిల్, డబ్బులు రంపచోడవరంలోనే చూసుకోండి. క్యాంప్‌లో ఫోన్ సిగ్నల్ ఉండదు కాబట్టి ఫోన్‌పే కూడా ఉండదు, మాకది తెలీక మా బావమరిది మళ్ళీ మారేడుమిల్లి దాకా వెనక్కెళ్ళి క్యాష్ తెచ్చాడు.

బుకింగ్ దగ్గరే మొదటి ఇబ్బంది. మూడు రోజులు ఫోన్ చేస్తే ఎత్తలేదు, ఇంక వద్దనుకున్నాం. తర్వాత తెలిసిందేంటంటే ఆ నంబర్ ఉన్న కుర్రాడు పగలంతా క్యాంప్‌లో ఉంటాడు, సాయంత్రం సరుకులకి మారేడుమిల్లి వచ్చినప్పుడే ఫోన్ మోగుతుంది. కాబట్టి ఆరూ ఏడూ మధ్యలో చెయ్యండి. ఈ ఒక్క ముక్క ఎక్కడైనా రాసి పెడితే ఎంతమందికి బాధ తప్పుతుందో, వాళ్ళకి కూడా ఆ మాట చెప్పి వచ్చాను. టెంట్‌కి రాత్రికి 1500, ముగ్గురు పడుకోవచ్చు, భోజనం మనిషికి పూటకి 150. రెండు టెంట్లు తీసుకున్నాం. ఆరుగురికి మూడు రాత్రులకి డీజిల్‌తో కలిపి దాదాపు 19 వేలు అయింది.

ఇప్పుడు చోటు గురించి. చుట్టూ వెదురు దడి, లోపల మెట్లు మెట్లుగా చెక్కిన నేల, ఒక్కో మెట్టు మీద సిమెంట్ దిమ్మ, దాని మీద కాన్వాస్ టెంట్. లోపల రెండు ఇనప మంచాలు, కింద ఇంకో పరుపు, మనిషికి రెండు రగ్గులు, ఒక సోలార్ లైటు. అంతే, ఫ్యాను లేదు, ప్లగ్గు లేదు. మధ్యలో తాటాకు పాక లాంటిది, దాంట్లో బల్లలు, అదే భోజనాల చోటు. చివరన వంటిల్లు, కట్టెల పొయ్యి. బాత్రూంలు రెండే, ఆరు టెంట్లకీ కలిపి, మా టెంట్ నుంచి ఒక నలభై అడుగులు కిందకి దిగాలి. శుభ్రంగా ఉన్నాయి, అది నిజాయితీగా చెప్తున్నా, మా ఆవిడ ఈ విషయంలో చాలా ఖచ్చితం, ఆవిడే మెచ్చుకుంది. కానీ ఆ దారిలో లైటు లేదు, రాతి మెట్లు మంచుకి తడిసి జారతాయి, పెద్దవాళ్ళతో వెళ్ళేవాళ్ళు గట్టి టార్చ్ ఒకటి, గ్రిప్ ఉన్న చెప్పులు తప్పకుండా పట్టుకెళ్ళాలి. మేం రెండో రోజు వాళ్ళకి చెప్తే అదే సాయంత్రం వెదురు కర్రలు పాతి పట్టుకోడానికి తాడు కట్టేశారు. లైటు మాత్రం పెట్టలేదు, సోలార్ అంత లేదన్నారు.

వేణ్ణీళ్ళు పొద్దున్నే పెద్ద కాగులో కాస్తారు, బకెట్‌తో తెచ్చుకోవడమే. ఏడున్నర దాటితే అయిపోతాయి.

రగ్గుల విషయం కొంచెం బాధపడ్డాం. ఒకటి రెండు తేమ వాసన వచ్చాయి, మా టెంట్ జిప్పు సగం దాకానే పడేది, కింద సందులోంచి చల్లగాలి. మాకు కోనసీమలో చలంటే తెల్లారుగట్ల ఒక దుప్పటి, ఇక్కడ మొదటి రోజు పొద్దున్న కారు స్టార్ట్ చేస్తే డ్యాష్‌బోర్డులో 11 చూపించింది. పిల్లలకి స్వెట్టర్, మంకీ క్యాప్, సాక్సులు ఉండాల్సిందే. ఇంటి నుంచి రెండు దుప్పట్లు ఎక్కువ పట్టుకెళ్ళండి. దోమల క్రీమ్ కూడా, ఏజెన్సీలో మలేరియా ఉంది, ఆ విషయం తేలిగ్గా తీసుకోకండి.

ఇంక నేను అసలు రాయాలనుకున్నది మొదటి రాత్రి సంగతి.

రొయ్యల చెరువు చేసేవాళ్ళకి తెలుసు, మిగతావాళ్ళకి చెప్తా. చెరువులో నీళ్ళని చిలికి గాలి కలిపే ఏరియేటర్లు రాత్రంతా తిరుగుతాయి. పగలు నీళ్ళలో నాచు ఎండకి ఆక్సిజన్ ఇస్తది, చీకటి పడ్డాక అదే నాచు, రొయ్యలు, అడుగున మట్టి అన్నీ కలిసి ఆ ఆక్సిజన్ తినేస్తాయి, తెల్లారుగట్ల మూడు నుంచి ఐదు మధ్యలో డీఓ, అంటే నీళ్ళలో కరిగిన ఆక్సిజన్, బాగా అడుగుకి వెళ్ళిపోద్ది. నాలుగు పీపీఎం కిందకి పోయిందంటే కంగారే. కరెంట్ పోయి ఏరియేటర్లు ఆగాయా, జనరేటర్ నిమిషాల్లో వెయ్యాలి, ఆలస్యమైతే రొయ్య పైకి తేలిపోతుంది, మూడు నెలల మేత, అప్పు మొత్తం ఒక్క గంటలో పోతాయి. అందుకని మా చెవులు ఎలా తయారయ్యాయంటే ఆ చప్పుడులోనే నిద్ర పడతది, చప్పుడు ఆగితే మెలకువ వచ్చేస్తది. మకాంలో, అంటే చెరువు దగ్గర కాపలా పాకలో, మంచం మీద ఎంత గాఢంగా పడుకున్నా సరే, ఆగిన క్షణంలో కాళ్ళు నేల మీద ఉంటాయి. నాన్నగారికి ఇది టైగర్ రొయ్యల రోజుల నుంచి ఉంది, నాకు 2009లో వనామీ రకం రొయ్యకి పర్మిషన్ ఇచ్చాక మేం మళ్ళీ చెరువు మొదలెట్టినప్పటి నుంచి.

మొదటి రాత్రి గురువారం. క్యాంప్‌లో మేం తప్ప ఎవరూ లేరు. తొమ్మిదింటికల్లా లైట్లు తీసేశారు, మాకు కూడా ప్రయాణం బడలిక, పడుకున్నాం. నాకు మెలకువ వచ్చేసరికి గుండె దడదడా కొట్టుకుంటోంది, చెవుల్లో ఏం లేదు. అంటే ఏమీ లేదు. కరెంట్ పోయింది అనుకుని మంచం దిగి చెప్పుల కోసం వెతుకుతున్నా, మా ఆవిడ చెయ్యి పట్టుకుని ఏవండీ మనం మారేడుమిల్లిలో ఉన్నాం అంటే గానీ తెలివి రాలేదు. టైము చూస్తే మూడుంపావు. చెమట పట్టేసింది, అంత చలిలో.

ఇంక నిద్ర పట్టక బయటకొస్తే, నెగడు దగ్గర నాన్నగారు రగ్గు కప్పుకుని కూర్చుని ఉన్నారు. నన్ను చూసి, "ఏరా, నీకూ ఆగిపోయిందా" అన్నారు. అంతే అన్నారు. నేను పక్కన కూర్చున్నా.

కాసేపటికి ఏమైందంటే, ఏమీ లేదనుకున్న దాంట్లోంచి ఒక్కొక్కటీ వినపడటం మొదలైంది. ముందు కిందన వాగు, డిసెంబర్ కాబట్టి సన్నగా ఉంది, రాయి మీద నుంచి రాయి మీదకి పడుతున్న చప్పుడు. తర్వాత ఆకుల మీద మంచు చుక్కలు, వాన పడుతోందేమో అనుకున్నా, చూస్తే ఆకాశం నిండా చుక్కలు. వెదురు బొంగులు ఒకదానికొకటి రాసుకుని కిర్రుమంటాయి, తలుపు ఎవరో మెల్లగా తీసినట్టు ఉంటది. దూరంగా ఏదో జంతువు కుక్క మొరిగినట్టు నాలుగైదు సార్లు అరిచింది, పొద్దున్న క్యాంప్ కాపలా చూసే పెద్దాయన్ని అడిగితే మొరిగే జింక అన్నాడు. నాన్నగారు నెగట్లో ఒక పుల్ల వేసి, ఈ టైముకే రా డీఓ పడేది అన్నారు. ఆయన నాకు చెప్పిన సంగతులు ఇక్కడ రాయను, అవి మా ఇంటి సంగతులు, కానీ చేలు తవ్వి చెరువు చేసిన రోజున తాతయ్య ఏమన్నారో నాకు ఆ రాత్రే తెలిసింది. ఇన్నేళ్ళుగా ఒకే గట్టు మీద పని చేస్తున్నాం, నేను మకాంలో పడుకున్న రోజు ఆయన ఇంటి దగ్గర, ఆయన మకాంలో ఉన్న రోజు నేను ఇంటి దగ్గర, ఇద్దరం రాత్రిపూట పనిలేకుండా ఒకచోట కూర్చున్నది నాకు గుర్తున్నంతలో లేదు. పైన పిల్లలకోడి చుక్కలు, అంటే కృత్తికలు, కొండ వెనక్కి దిగిపోయి చాలాసేపైంది అన్నారు ఆయన, నాకు అవి ఎక్కడుంటాయో కూడా తెలీదు, మర్నాడు సాయంత్రం చూపించారు, పిల్లలకి కూడా. మా ఊళ్ళో చెరువు గట్ల మీద ఫోకస్ లైట్లకి అవి కనపడవు.

ఐదున్నరకి వంట చేసే అక్క లేచి పొయ్యి అంటించి, మమ్మల్ని చూసి ఏం అడక్కుండా రెండు గ్లాసుల టీ తెచ్చి ఇచ్చింది. అల్లం, మిరియం వేసిన టీ, మిరియాలు ఇక్కడివే, కాఫీ తోటల్లో చెట్లకి పాకించి పెంచుతారు. ఆ టీకే ఒక స్టార్ ఇవ్వాలి.

రెండో రాత్రి శుక్రవారం, పడుకున్నది తొమ్మిదింటికి, లేచింది ఏడింటికి. మా ఆవిడ రెండుసార్లు వచ్చి ఊపిరి చూసిందట. నాన్నగారు కూడా ఆరున్నర దాకా లేవలేదు.

భోజనం గురించి చెప్పాలి. పొద్దున్న ఉప్మా గానీ పూరీ గానీ, మధ్యాహ్నం అన్నం, పప్పు, ఒక కూర, రసం, పెరుగు. అడిగితే ముందురోజు చెప్పాలి, సామ అన్నం వండి పెడతారు, నాటుకోడి పులుసుతో అది కుదిరినట్టు మామూలు అన్నం కుదర్లేదు మాకు. భోజనం అడ్డాకు విస్తళ్ళలో. ఇంక బొంగులో చికెన్ అందరికీ తెలిసిందే, మారేడుమిల్లి రోడ్డు మీద వరసగా కొట్లు ఉన్నాయి, కానీ ఇక్కడ చేసేది కూర్చుని చూడొచ్చు. లేత పచ్చి వెదురు, ఒక కణుపు పొడుగు ముక్క కోసి, ఉప్పు, కారం, పసుపు, అల్లంవెల్లుల్లి, నిమ్మకాయ పట్టించిన చికెన్ దాంట్లో కూరి, మూతికి ఆకులు దట్టంగా కుక్కి నిప్పుల మీద పెడతారు. నూనె చుక్క వెయ్యరు, నీళ్ళూ పొయ్యరు, పచ్చి వెదురులో ఉండే తేమతోనే ఉడుకుద్ది. ముప్పావుగంట పైనే పట్టింది, మధ్యమధ్యలో తిప్పుతూ ఉండాలి, బొంగు బయటంతా నల్లబడి చీలడం మొదలెడితే అయిపోయినట్టు. విస్తట్లో దులిపితే ముందు ఆవిరి వస్తది, పచ్చి వెదురు వాసన, తర్వాత ముక్క. కోడి కిలోకి 600 తీసుకున్నారు. మా పాపకి కారం ఎక్కువైంది, పిల్లలకి వేరే బొంగు తక్కువ కారంతో చెయ్యమని ముందే చెప్పండి, చేస్తారు.

కాపలా చూసే పెద్దాయనకీ నాన్నగారికీ మొదటి రోజే స్నేహం కుదిరిపోయింది. దడి బయట ఒక చెట్టు చూపించి ఇదేంటి తాడిచెట్టులా ఉంది, ఆకులేమో చేప తోకల్లా ఉన్నాయి అని నాన్నగారు అడిగితే, "జీలుగు చెట్టయ్యా, మీకు తాడి ఎలాగో మాకు ఇది అలాగ" అన్నాడాయన. ఇంక కల్లు గీత గురించి ఇద్దరూ గంటసేపు, మీ దగ్గర ముంత ఎప్పుడు కడతారు, మా దగ్గర ఎప్పుడు దించుతారు, ఒకరి మాట ఒకరు సరిచేసుకుంటూ. 1879లో ఈ రంప కొండల్లో పితూరీ లేవడానికి ఈ కల్లు మీద వేసిన చిగురుపన్ను కూడా ఒక కారణం అని నేను చదివా, అల్లూరి సీతారామరాజు గారి 1922 పోరాటం అందరికీ తెలుసు, ఇది దానికి నలభై ఏళ్ళ పైన ముందు సంగతి. చదివినప్పుడు కల్లు కోసం తిరుగుబాటేంటి అనిపించింది, ఆ చెట్టు కింద నిలబడి ఆయన దాని గురించి మాట్లాడుతున్న తీరు చూశాక అర్థమైంది, మా ఊళ్ళో కొబ్బరిచెట్టు మీద ఎవడైనా పన్నేస్తే మా అమ్మ ఊరుకుంటుందా.

పిల్లలకి ఏం తోస్తది అని చాలామంది అడుగుతున్నారు. ఫోన్ లేదు, టీవీ లేదు, మొదటి పూట ఇద్దరూ గొడవ చేశారు. రెండో పూట నుంచి వాగు దగ్గరే. మోకాలి లోతు నీళ్ళు, అడుగున గులకరాళ్ళు కనపడతాయి, ఇది మాకు వింతే, మా గోదారి ఎప్పుడు చూసినా అడుగు కనపడని నీళ్ళే కదా. పెద్దాయన మనవడు ఒకడు వచ్చి రాళ్ళ కింద పీతలు ఎలా పట్టాలో నేర్పించాడు. శుక్రవారం పొద్దున్న బెట్టుడుత కనపడింది, మన ఉడత అనుకోకండి, పిల్లి అంత ఉంటది, ముదురు ఎర్ర గోధుమ రంగు, ఒంటి కంటే పొడుగు తోక, ఈ చెట్టు మీంచి ఆ చెట్టుకి దూకితే కొమ్మ మొత్తం ఊగిపోయింది. మా పాప బొమ్మ గీసుకుంది. కొండ గోరింకలు కూడా ఉన్నాయి, ఈల వేసినట్టు అరుస్తాయి.

వాగు గురించి మాత్రం గట్టిగా చెప్తున్నా, వానాకాలంలో దిగొద్దు. పైన కొండల్లో ఎక్కడో వాన పడితే ఇక్కడ ఎండ కాస్తుండగానే నీళ్ళు ఒక్కసారిగా వచ్చేస్తాయట, పెద్దాయన పిల్లలకి కూడా మొదటి రోజే ఒక రాయి చూపించి నీళ్ళు రంగు మారినా, ఆకులు పుల్లలు కొట్టుకొచ్చినా పరిగెత్తి ఆ రాయి పైకి ఎక్కెయ్యాలి అని చెప్పాడు. కోనసీమ వాళ్ళకి ఈత వచ్చు కదా అని ధీమా ఉంటది, రాళ్ళ మధ్య వేగంగా వచ్చే నీళ్ళకి ఆ ఈత పనిచెయ్యదు.

చీకటి పడ్డాక దడి దాటి వెళ్ళనివ్వరు. పక్కనే పాపికొండలు నేషనల్ పార్కు, అడవి దున్నలు, ఎలుగులు, పులి కూడా ఉన్న అడవి. వాళ్ళు చెప్పింది వినండి.

జలతరంగిణి, అమృతధార జలపాతాలు రెండూ భద్రాచలం రోడ్డు మీదే, ఒక పూటలో చూసొచ్చాం, బాగున్నాయి, ఫొటోలు అందరూ పెట్టారు కాబట్టి ఎక్కువ రాయను. గుడిస కొండ మీదకి వెళ్ళలేదు, తెల్లారకముందే జీపులో ఎగుడుదిగుడు రోడ్డు అంటే నాన్నగారి మోకాళ్ళకి కష్టమని ఆగిపోయాం.

ఇంక శనివారం రాత్రి. ఈ రివ్యూలో ఒక స్టార్ తగ్గడానికి కారణం అదే. సాయంత్రం రెండు కార్లలో తొమ్మిది మంది కుర్రాళ్ళు దిగారు, ఆరున్నరకి స్పీకర్ మొదలైంది. చిన్న స్పీకరే, కానీ ఆ లోయలో ఎలా వినపడతదంటే ఎదురు కొండ మళ్ళీ తిప్పి కొడతది. మొదటి రెండు రాత్రులు వినపడ్డ వెదురు లేదు, వాగు లేదు, ఏమీ లేదు. పెద్దాయన వెళ్ళి రెండుసార్లు చెప్పాడు, తాతా డబ్బులిచ్చాం కదా అన్నారు. మూడోసారి మా బావమరిది వెళ్ళి, పెద్దవాళ్ళు పిల్లలు ఉన్నారు తమ్ముడూ అని మర్యాదగా చెప్తే తగ్గించారు, పూర్తిగా ఆపేసరికి పదకొండు. తగువు ఏం కాలేదు, వాళ్ళు కూడా చెడ్డ పిల్లలు కాదు, పొద్దున్నే వచ్చి నాన్నగారికి సారీ కూడా చెప్పారు. కానీ నాకు బాధేసింది. స్పీకర్ పెట్టుకోడానికి రాజమండ్రిలో బోల్డన్ని చోట్లు ఉన్నాయి, ఇక్కడ అమ్ముతున్నదే ఆ చప్పుడు లేకపోవడం. గేటు దగ్గర బోర్డు పెట్టాలి, బుకింగ్ అప్పుడే స్పీకర్ తేవొద్దని చెప్పాలి, తెస్తే గేట్లోనే తీసి దాచిపెట్టాలి. ఆదివారం వచ్చేటప్పుడు ఈ మాట బుకింగ్ చూసే కుర్రాడికి చెప్పా, చెప్తే వచ్చేవాళ్ళు తగ్గిపోతారేమో అన్నాడు. మాలాంటి వాళ్ళు పెరుగుతారు తమ్ముడూ అన్నా, నమ్మాడో లేదో తెలీదు.

ఆదివారం పొద్దున్న వాగు దగ్గర ఇంకో సంగతి. పిల్లలు దిగబోతుంటే పెద్దాయన ఆపి, ముందు తను దిగి రాళ్ళ మధ్య చేత్తో తడిమి పగిలిన బీరు సీసా ముక్కలు ఏరాడు. ఆ రాత్రివే అని అనట్లేదు, రోడ్డు పక్క వాగుల్లో అయితే ఎక్కడపడితే అక్కడ ఉన్నాయి. ఒక గోనెసంచి ఉంది ఆయన దగ్గర, దాంట్లో సగానికి పైన గాజే. ప్రతి ఆదివారం, సోమవారం ఇదే పని అన్నాడు. వాళ్ళ ఊరి ఆడవాళ్ళు చెప్పుల్లేకుండా ఆ వాగులోకే నీళ్ళకి వస్తారు. నాన్నగారు ఏం మాట్లాడకుండా పంచె ఎగ్గట్టి దిగారు, చెరువు అడుగు తడిమి తడిమి అలవాటైన చేతులు ఆయనవి, నేనూ మా బావమరిదీ కూడా దిగాం, ముందురోజు స్పీకర్ పెట్టిన కుర్రాళ్ళలో ఇద్దరు చూసి వాళ్ళూ వచ్చారు. గంటన్నర పట్టింది. దయచేసి సీసాలు పట్టుకెళ్ళకండి, పట్టుకెళ్తే కారులో పెట్టుకుని వెనక్కి తెచ్చెయ్యండి. ఈ కొండల మీంచి ఈ వైపుకి దిగే నీళ్ళు చివరికి గోదాట్లోకే వస్తాయి, అవే మన లాకుల్లోకి, మన బోదెల్లోకి.

వచ్చేటప్పుడు మారేడుమిల్లిలో కొండ చీపుళ్ళు నాలుగు, మిరియాలు అరకిలో, గిరిజన కార్పొరేషన్ వాళ్ళ తేనె రెండు సీసాలు కొన్నాం. చీపుళ్ళు అమ్మ చాలా మెచ్చుకుంది.

ఎవరికి బాగుంటది అంటే, రాత్రి నిద్ర సరిగ్గా లేనివాళ్ళకి, పిల్లలకి చీకటి ఎలా ఉంటదో చూపించాలనుకునేవాళ్ళకి. పెద్దవాళ్ళు ఒక మాదిరిగా నడవగలిగితే చాలు, బాత్రూం దగ్గరున్న టెంట్ అడగండి. రాత్రి ఆక్సిజన్ మెషిన్ లాంటివి వాడేవాళ్ళని తీసుకెళ్ళొద్దు, ప్లగ్గు లేదు, పెద్ద హాస్పిటల్ అంటే చాలా దూరం వెనక్కి రావాలి. ఏసీ, గీజరు, వైఫై కావాలంటే మారేడుమిల్లిలోనే వేరే రూములు, రిసార్టులు ఉన్నాయి, అక్కడ దిగి పగలు అడవి చూసుకోవచ్చు, దాంట్లో తప్పేం లేదు. ఐదుకి నాలుగు ఇస్తున్నా. జిప్పు, రగ్గులు, మెట్ల దారి లైటు, ఇవన్నీ కలిపినా నేను స్టార్ తగ్గించేవాణ్ణి కాదు.

ఇంటికొచ్చిన నాలుగో రోజు నాన్నగారే అడిగారు, సీడ్ వేసేలోపు ఇంకోసారి కుదురుద్దా అని. జనవరిలో పండగ హడావుడి అయిపోయాక సోమవారం నుంచి బుధవారం దాకా చెప్పి ఉంచా, వాగు వైపు చివరి టెంట్, ఆరున్నరకి ఫోన్ చేస్తే మొదటి రింగుకే ఎత్తాడు. గేదెని మూడు రోజులు మా పిన్ని వాళ్ళింట్లో కట్టడానికి మాట్లాడేశాం, ఈసారి అమ్మ కూడా వస్తోంది.